ఖాతా అన్నయ్య పేరున ఉంటే ఇల్లు ఎవరిది?

బెంగళూరులో ఉంటున్న యాభై నాలుగేళ్ళ పాఠకురాలు ఒకరు తొమ్మిది పేజీల ఉత్తరం రాశారు. పేరూ పేటా బయటపెట్టవద్దని కోరారు కనుక వాటిని వదిలేసి, సమాధానానికి అవసరమైన సంగతులు మాత్రం ఇక్కడ చెబుతున్నాను.

వారి నాన్నగారు మదనపల్లె దగ్గరి పల్లె నుంచి బతుకుతెరువు వెతుక్కుంటూ బెంగళూరు వచ్చి, ఒక కర్మాగారంలో పనిచేస్తూ, జీతంలో మిగిల్చిన డబ్బుతో 1988లో ముప్పై అడుగుల వెడల్పు, నలభై అడుగుల పొడవు ఉన్న సైటు కొన్నారు. అప్పట్లో ఆ చోటు నగరం బయట ఉండేది, ఇప్పుడు నగరంలో కలిసిపోయింది. పాఠకురాలి పెళ్ళి 1991లో అయింది. 1993లో ఆ సైటులో ఇల్లు కట్టారు. నాన్నగారు 2011లో వీలునామా రాయకుండానే కాలం చేశారు. మరుసటి ఏడు అన్నయ్య ఒక స్టాంపు కాగితం తెచ్చి, ‘పన్ను కట్టడానికి ఖాతా ఎవరో ఒకరి పేరున ఉండాలట, అందుకే’ అంటే, అమ్మగారు, ఈమె, తమ్ముడు ముగ్గురూ చదవకుండానే సంతకాలు చేశారు. నకలు ఎవరి దగ్గరా లేదు. తమ్ముడు 2021లో కరోనాతో పోయాడు. అతని భార్య పదకొండేళ్ళ కొడుకుతో హిందూపురంలో పుట్టింట ఉంటోంది. డెబ్బై ఆరేళ్ళ అమ్మగారు ఆ ఇంట్లోనే కింది వాటాలో ఉంటున్నారు, అన్నయ్య కుటుంబం పైన ఉంటోంది.

ఈ మధ్య ఎవరో ఆ ఇంటిని కొనడానికి ముందుకు వచ్చారు. అన్నయ్య ఇ-ఖాతాకు, అంటే నగరపాలక సంస్థ పన్ను రిజిస్టరులోని నమోదుకు కంప్యూటరు రూపానికి, అర్జీ పెట్టాడని తెలిసి ఈమె అడిగితే, మూడు మాటలు చెప్పాడట. ఖాతా నా పేరున ఉంది, ఇన్నేళ్ళూ పన్ను నేనే కట్టాను, పైగా నీ పెళ్ళి కర్ణాటకలో ఆడపిల్లల చట్టం రాకముందే అయిపోయింది కనుక నీకు వచ్చేది ఏమీ లేదు అన్నాడు. పసుపుకుంకుమల కింద ఐదు లక్షలు ఇస్తానన్నాడు. ‘ఖాతా అంటే మన వైపు పట్టాదారు పాస్‌పుస్తకం లాంటిదే కదా, అది ఆయన పేరున ఉంటే ఇల్లు ఆయనదే అయిపోయినట్టేనా? ఆఫీసుకు వెళ్ళి రద్దు చేయించాలా, కోర్టుకు పోవాలా, ఇచ్చింది తీసుకుని ఊరుకోవాలా? అమ్మ కళ్ళముందు కోర్టు మెట్లెక్కడం ఇష్టం లేదు. నాన్నగారి కష్టార్జితంలో నాకేమీ లేదన్న మాట మింగుడూ పడటం లేదు’ అని రాశారు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ మనసులో పెద్ద ముడి ఖాతా దగ్గరే పడింది కనుక ముందు దాన్ని విప్పుదాం.

ఖాతా అంటే లెక్క, అంతకంటే వేరే అర్థం లేదు. కిరాణా కొట్టులో ఖాతా ఎవరి పేరున రాసి ఉంటే బాకీ వారిని అడుగుతారు, అంతమాత్రాన కొట్టులోని సరుకు వారిది కాదు. నగరపాలక సంస్థ తన హద్దుల్లో ఉన్న ప్రతి ఇంటికీ, సైటుకూ పన్ను విధించాలి, ఆ పన్ను ఎవరిని అడగాలో తెలియాలి. అందుకోసం ఆస్తి కొలతలు, కట్టడం వివరాలు, పన్ను చెల్లించవలసినవారి పేరు ఒక రిజిస్టరులో రాసుకుంటుంది. బెంగళూరులో దానినే ఖాతా అంటున్నారు. ఆ పేరు మార్చే అధికారి రెవెన్యూ ఉద్యోగి, న్యాయమూర్తి కాదు. దరఖాస్తుతో వచ్చిన కాగితాలు పైకి సరిగా కనిపిస్తే పేరు మారుస్తాడు. సాక్షులను విచారించి ఎవరి హక్కు ఎంత అని తేల్చే పని చట్టం అతనికి అప్పగించలేదు. రికార్డులో పేరు మార్చినందువల్ల కొత్త హక్కు పుట్టదని, ఉన్న హక్కు పోదని, అది పన్ను లేదా శిస్తు వసూలుకు మాత్రమే పనికివస్తుందని సుప్రీంకోర్టు 1996లో స్పష్టంగా చెప్పింది. 2021లో అదే మాట మళ్ళీ చెబుతూ, హక్కు మీద తగాదా ఉంటే సివిలు కోర్టులోనే తేల్చుకోవాలని కూడా చెప్పింది.

మీరు పాస్‌పుస్తకంతో పోల్చడం సహజమే. బెంగళూరులో స్థిరపడిన మనవాళ్ళలో చాలామంది అలాగే అనుకుంటారు. పొలానికి తహసీల్దారు కార్యాలయం ఉంచే రికార్డు వేరు. ఇక్కడ దాన్ని పహణీ అంటారు. ఇంటికి నగరపాలక సంస్థ ఉంచే ఖాతా వేరు. ఈ రెండూ కాక సబ్‌రిజిస్ట్రారు కార్యాలయం ఉంది. అమ్మకం, దానం, భాగపంపకం, హక్కు విడుదల వంటి పత్రాలు నమోదయ్యేది అక్కడే. మీ నాన్నగారికి ఆ సైటు మీద హక్కు వచ్చింది 1988 నాటి క్రయపత్రం వల్ల. ఆ పత్రం నకలు సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలోని ఒకటో పుస్తకంలో ఇవాళ్టికీ ఉంటుంది. ఆ పుస్తకంలోని పత్రాల ధ్రువీకృత నకలును రుసుము కట్టి ఎవరైనా తీసుకోవచ్చు, మీ అన్నగారి అనుమతి అక్కరలేదు. అసలు పత్రం ఆయన బీరువాలో ఉందని మీరు దిగులుపడ్డారు. ఆ దిగులు ఈ నకలుతో తీరుతుంది. దానితోపాటు 1988 నుంచి ఇప్పటిదాకా ఈసీ, అంటే ఆ ఆస్తి మీద నమోదైన పత్రాలన్నిటినీ చూపే ధ్రువపత్రం, తీయించండి. 2004 ఏప్రిల్ తరువాతి కాలానికి కర్ణాటక రిజిస్ట్రేషన్ శాఖ వారి కావేరి పోర్టల్‌లో దొరుకుతుంది, అంతకు ముందుదానికి సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో అర్జీ పెట్టుకోవాలి. ఈసీలో 1988 తరువాత మరే పత్రమూ కనిపించకపోతే, ఆ ఇంటి మీద హక్కు నాన్నగారి పేరునే ఆగి, ఆయన పోయిన రోజున వారసులందరికీ కలిపి సంక్రమించిందని అర్థం.

అయితే ఖాతాను తేలికగా తీసుకోమని చెప్పలేను. పదేళ్ళ కిందట మీరు ఇదే ఉత్తరం రాసి ఉంటే, ఖాతా సంగతి నింపాదిగా చూసుకోవచ్చని రాసేవాడినేమో. ఇప్పుడు పరిస్థితి మారింది. 2007లో పాత నగరపాలిక చుట్టూ ఉన్న ఏడు పట్టణాల పురపాలక సంఘాలనూ, కెంగేరినీ, వందకు పైగా గ్రామాలనూ కలిపి బృహత్ బెంగళూరు మహానగర పాలికెను ఏర్పాటు చేసినప్పుడు, ఎక్కడికక్కడ వేరువేరు పద్ధతుల్లో రాసిన పుస్తకాలన్నీ ఒక గూటికి చేరాయి. వాటిని సరిచేసి కంప్యూటరులోకి ఎక్కించే పని ఏళ్ళ తరబడి సాగి, 2024 అక్టోబరులో ఇరవై లక్షలకు పైగా ఆస్తుల ముసాయిదా ఇ-ఖాతాలు ఆన్‌లైన్‌లో పెట్టారు. ఆ ఏడు చివరి నుంచి నగరంలో ఇ-ఖాతా లేకుండా అమ్మకం నమోదు కావడం లేదు. అంటే పన్ను కోసం పుట్టిన పుస్తకం ఇప్పుడు అమ్మకానికి గుమ్మం అయింది. హక్కును అది ఇవ్వదు. అయినా ఆ గుమ్మం దగ్గర నిలబడ్డ మనిషి పేరు ఒక్కటే కనిపిస్తుంటే, కొనేవాడు మిగతావారి గురించి అడగకుండా పోయే ప్రమాదం ఉంది. మీ తొందరకు కారణం ఉందని నేను ఒప్పుకునేది ఇందుకే.

ఇక్కడ మీకు అనుకూలించే సంగతి కూడా ఒకటుంది. తుది ఇ-ఖాతాకు క్రయపత్రం వివరాలు, పన్ను వివరాలు, యజమాని ఆధార్ ధ్రువీకరణ అడుగుతారు. మీ అన్నగారి పేరున క్రయపత్రం లేదు, ఉన్నది నాన్నగారి పేరున. ఆ ఖాళీని ఆయన దేనితో నింపారో తెలియాలి. 2012లో మీరు సంతకం చేసిన కాగితంతోనే అయి ఉండవచ్చు.

కనుక మొదటి పని ఆ కాగితం నకలు సంపాదించడం. ఖాతా మార్పు దస్త్రం మొత్తానికి ధ్రువీకృత నకళ్ళు కావాలని మీ ప్రాంతపు సహాయ రెవెన్యూ అధికారికి అర్జీ ఇవ్వండి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి. రుసుము 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. కర్ణాటక నియమాల ప్రకారం ఒక అర్జీలో ఒకే విషయం ఉండాలి, అదీ సాధారణంగా 150 మాటలు దాటకూడదు. అందుకని ఇంటి చరిత్ర అంతా రాయకుండా, ఆస్తి సంఖ్య, నాన్నగారి పేరు, 2012 ఖాతా మార్పుకు సమర్పించిన దరఖాస్తు, అఫిడవిట్లు, వంశవృక్షం, ఆమోదించిన ఉత్తర్వు కావాలని మాత్రమే రాయండి. ఇతరుల సమాచారం అని అభ్యంతరం చెబితే, ఆ కాగితం మీద ఉన్న సంతకాల్లో ఒకటి మీదేనని గుర్తుచేయండి.

ఆ కాగితంలో ‘ఖాతా మార్పుకు అభ్యంతరం లేదు’ అని మాత్రమే ఉంటే అది మీ వాటాను ముట్టుకోదు. ‘ఈ ఆస్తిలో నా హక్కు వదులుకుంటున్నాను’ అని ఉన్నా కూడా భయపడవలసిన పని లేదనే నా అభిప్రాయం, ఎందుకంటే వంద రూపాయలు గానీ అంతకు పైన గానీ విలువ చేసే స్థిరాస్తిలో హక్కు వదులుకునే పత్రం రిజిస్టరు కావాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెబుతోంది. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోవాలి. ‘ఇదివరకే నోటిమాటగా పంచుకున్నాం, దాన్ని గుర్తు కోసం రాసుకుంటున్నాం’ అన్న ధోరణిలో రాసి ఉంటే, అలాంటి జ్ఞాపిక పత్రానికి రిజిస్ట్రేషన్ అక్కరలేదని అవతలి న్యాయవాది వాదించే వీలుంటుంది. అందుకే అక్షరం అక్షరం చదివించుకోవాలంటున్నాను.

పెళ్ళి తేదీ మాటకు వద్దాం. మీ అన్నగారు చెప్పినది పూర్తిగా కల్పన కాదు, కానీ మీ ఇంటికి అది వర్తించదు. కర్ణాటక 1994లో హిందూ వారసత్వ చట్టానికి చేసిన సవరణ కూతుళ్ళకు పుట్టుకతో వాటా ఇస్తూ, అప్పటికే పెళ్ళయినవారిని మినహాయించిన మాట నిజం. అయితే ఆ సవరణ తాతముత్తాతల నుంచి వచ్చిన ఉమ్మడి ఆస్తికి సంబంధించినది. ఆ ఆస్తి విషయంలో కూడా 2005 సెప్టెంబరు 9న అమలులోకి వచ్చిన కేంద్ర సవరణ పెళ్ళి అడ్డును తీసివేసింది. తండ్రి స్వయంగా సంపాదించి, వీలునామా లేకుండా పోయిన ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానమైన వాటా 1956లోనే వచ్చింది. పెళ్ళి ఎప్పుడైందన్న ప్రశ్న అక్కడ ఏనాడూ లేదు. కుటుంబం కాపురముంటున్న ఇంటిని మగ వారసులు పంచుకోదలిచేదాకా కూతురు విభజన అడగరాదన్న పాత నిబంధన ఒకటి ఉండేది, దానినీ 2005లో తొలగించారు. మీ నాన్నగారు పోయింది 2011లో.

పన్ను కట్టడం వల్ల కూడా ఆయనకు అదనపు హక్కు రాదు. ఆయన కట్టిన పన్నులో, చేయించిన మరమ్మతుల్లో మీ వాటాకు వచ్చేది లెక్క చూసి ఇమ్మని అడిగే న్యాయం ఆయనకు ఉంది. పద్నాలుగేళ్ళుగా అమ్మగారిని చూసుకున్నదీ ఆయనే. మీరు ఉత్తరంలో ఎక్కడా కాదనలేదు గానీ, మాట్లాడుకునే రోజు ఈ రెండింటినీ మీరే ముందుగా ప్రస్తావిస్తే మంచిది.

మీ ఉత్తరంలో ఒకే ఒక వాక్యంలో చెప్పి దాటిపోయిన మనిషి గురించి ఇప్పుడు మాట్లాడాలి. మీ మరదలు, ఆ పిల్లవాడు. మీరు అన్నయ్యకూ మీకూ మధ్య తగాదాగా రాశారు, ఆయనా అలాగే అనుకుంటున్నట్టుంది. చట్టం దృష్టిలో ఆ ఇంటికి ఐదుగురు యజమానులు. నాన్నగారు పోయిన రోజున అమ్మగారు, అన్నయ్య, మీరు, తమ్ముడు నలుగురికీ తలా నాలుగో వంతు వచ్చింది. తమ్ముడు పోయిన రోజున అతని నాలుగో వంతు అతని తల్లికి, భార్యకు, కొడుకుకు సమానంగా పోయింది. సైటు 1200 చదరపు అడుగులు కనుక లెక్క సులువుగానే తెలుస్తుంది. అమ్మగారిది 400 అడుగులు, అన్నయ్యది 300, మీది 300, మీ మరదలిది 100, పిల్లవాడిది 100. ఇంటి గోడలను ఇలా కోయలేరు గానీ, విలువ లెక్క మాత్రం ఇదే.

ఈ లెక్కను కాగితం మీద రాసుకుని చూస్తే రెండు సంగతులు తేలతాయి. మీ సంతకం ఒక్కటి ఐదు లక్షలకు దొరికినా అన్నయ్య పని పూర్తి కాదు. పదకొండేళ్ళ పిల్లవాడి స్థిరాస్తిని అతని తల్లి కూడా కోర్టు అనుమతి ముందుగా తీసుకోకుండా అమ్మలేదు. అనుమతి లేకుండా అమ్మితే, ఆ పిల్లవాడు పద్దెనిమిది నిండిన తరువాత మూడేళ్ళ లోపు ఆ అమ్మకాన్ని రద్దు చేయమని అడగవచ్చు. తల్లి సంతకం కూడా లేకుండా జరిగితే సంగతి ఇంకా బలహీనం. జాగ్రత్త గల కొనుగోలుదారు ఎవరూ పదేళ్ళు ఆ భయంతో బతకడానికి ఒప్పుకోడు. రెండో సంగతి మీకు సంబంధించినది. మీ వాటా కోసం మీరు నిలబడేటప్పుడు మరదలిని వదిలేసి మీ ఇద్దరి మధ్యే ఒప్పందం చేసుకుంటే, మీ అన్నయ్య మీకు చేసిన పనే మీరు ఆమెకు చేసినట్టవుతుంది. మీరు అలాంటివారు కాదని ఉత్తరం చదివితే తెలుస్తుంది. ఆమె గుర్తుకు రాలేదు, అంతే. ఈ వారంలోనే ఆమెకు ఫోను చేయండి.

ఇక దారుల సంగతి. ఒక్కొక్క దారికి ఒక్కొక్క వెల ఉంది, తూకం వేయవలసింది మీరే.

మొదటిది ఆఫీసు దారి. ఖాతా ఆస్తికి ఇతర వారసులున్నారని, హక్కు మీద తగాదా ఉందని, మీ వివరణ వినకుండా తుది ఇ-ఖాతా ఇవ్వవద్దని సహాయ రెవెన్యూ అధికారికి లిఖితపూర్వకంగా ఆక్షేపణ ఇవ్వండి. నాన్నగారి మరణ ధ్రువపత్రం, తమ్ముడి మరణ ధ్రువపత్రం, వంశవృక్షం, క్రయపత్రం నకలు జతచేసి, అందినట్టు ముద్ర వేయించుకోండి. 2025 సెప్టెంబరులో పాత మహానగర పాలికె ఐదు నగరపాలక సంస్థలుగా విడిపోయింది కనుక మీ ఇల్లు ఇప్పుడు దేని కిందికి వస్తుందో చూసుకుని అక్కడే ఇవ్వాలి. అదే సమయంలో ఆ ఆస్తి ‘ఎ’ రిజిస్టరులో ఉందా, ‘బి’ రిజిస్టరులో ఉందా అని కూడా అడగండి. నగరం బయట వేసిన చాలా లేఅవుట్లు భూమార్పిడి, ప్లాను ఆమోదం లేక ‘బి’లో ఉన్నాయి, అలా ఉంటే ధర మీద దాని ప్రభావం ఉంటుంది. ఈ ఆక్షేపణకు ఖర్చు దాదాపు లేదు, కొన్నిసార్లు ఇదొక్కటే అమ్మకాన్ని నిలిపివేస్తుంది. కానీ దీని నుంచి ఇంతకు మించి ఆశించకండి. అధికారి ఇరుపక్షాలనూ విని, ‘కోర్టులో తేల్చుకుని రండి’ అనడానికే అవకాశం ఎక్కువ. ఖాతా రద్దయినా మీ వాటా మీ చేతికి రాదు, అన్నయ్య పేరు తీసి మళ్ళీ నాన్నగారి పేరు పెడతారు, అంతే.

రెండో దారి గురించి మీరు అడగలేదు, కానీ నాకు ఎక్కువ నచ్చినది ఇదే. ఇల్లు పంచకుండా, పుస్తకం మాత్రం సరిచేయడం. వారసులందరి పేర్లతో ఉమ్మడి ఖాతా చేయించమని అన్నయ్యను అడగండి, పిల్లవాడి పేరు తల్లి సంరక్షణలో ఉంటుంది. దీనికి ఎవరూ ఏదీ వదులుకోనక్కరలేదు కనుక కోర్టు అనుమతి ప్రశ్న రాదు. అమ్మగారు ఉన్నంతకాలం ఆ ఇంట్లో నిశ్చింతగా ఉంటారు. ఐదుగురూ కలిస్తే తప్ప అమ్మడం కుదరదు. లోటు ఏమిటంటే, దీనికి అన్నయ్య ఒప్పుకోవాలి, ఇప్పుడు డబ్బు అవసరమైన మనిషి ఒప్పుకోకపోవచ్చు. పైగా పంపకం వాయిదా పడుతుంది. అమ్మగారి తరువాత ఆమె 400 అడుగులూ మీ అన్నయ్యకు, మీకు, పిల్లవాడికి చెరి సమానంగా పోతాయి, కోడలికి అందులో వాటా లేదు. అమ్మగారి ఆలోచన వేరుగా ఉంటే ఆమె వీలునామా రాయవచ్చు. అది ఆమె ఇష్టం, ఎవరూ చేయి పట్టి రాయించకూడదు.

అన్నయ్యకు నిజంగా అమ్మవలసిన అవసరమే ఉంటే, మూడో దారి రిజిస్టరు చేసిన పత్రం. అందరూ కలిసి అమ్మి వాటాల చొప్పున పంచుకోవడం ఒకటి, ఆయనే మీ వాటాలకు న్యాయమైన ధర ఇచ్చి హక్కు విడుదల పత్రాలు రాయించుకోవడం ఇంకొకటి. కుటుంబ సభ్యుల మధ్య విడుదల పత్రానికి కర్ణాటకలో స్టాంపు సుంకం బయటివారికి అమ్మే పత్రం కంటే చాలా తక్కువ. ఏ విధంగా చేసినా పిల్లవాడి వాటాకు కోర్టు అనుమతి కావాలి, ఆ డబ్బు అతని పేరున భద్రంగా ఉండేలా చూడాలి. ఇందుకు నెలలు పడుతుంది, కొనేవాడు ఆగలేకపోవచ్చు. మీకు ఇస్తానన్న ఐదు లక్షలు న్యాయమా కాదా అన్నది తెలుసుకోవాలంటే ఆ వీధికి ప్రభుత్వం పెట్టిన మార్గదర్శి ధర చూసి, 300 చదరపు అడుగుల భూమికి ఎంతవుతుందో లెక్కకట్టి, కట్టడం విలువలో నాలుగో వంతు కలపండి. మార్కెట్ ధర సాధారణంగా దానికి పైనే ఉంటుంది. ఆ అంకె చూశాక కూడా తక్కువకే ఒప్పుకోవాలని మీకు అనిపిస్తే అది తప్పు కాదు. తెలిసి వదులుకోవడం వేరు, తెలియక పోగొట్టుకోవడం వేరు. అయితే తీసుకునే ముందు పత్రం చదవండి. ఈసారి సంతకం రిజిస్ట్రారు ముందు పడుతుంది, దాన్ని వెనక్కి తీసుకోవడం దాదాపు అసాధ్యం.

అమ్మగారు తన వాటాను అన్నయ్యకు దానంగా రాసిస్తానంటే మీరు అడ్డుపడకండి, అది ఆమె ఆస్తి. తనను చివరిదాకా చూసుకోవాలన్న షరతు ఆ దానపత్రంలోనే స్పష్టంగా రాయించమని మాత్రం చెప్పండి. ఆ షరతు రాసి ఉండి, దాన్ని పాటించకపోతే, 2007 నాటి వృద్ధుల సంరక్షణ చట్టం కింద ఆ దానాన్ని రద్దు చేయించుకునే హక్కు ఆమెకు ఉంటుంది.

నాలుగోది మీరు వద్దనుకుంటున్న కోర్టు. దాన్ని పూర్తిగా కొట్టిపారేయవద్దని చెప్పడం నా బాధ్యత. అన్నయ్య బయానా తీసుకున్నాడని గానీ, పత్రిక ప్రకటన వచ్చిందని గానీ తెలిస్తే ఉత్తరాలు ఇక చాలవు. ఇక్కడ కొనేవారి తరఫు న్యాయవాదులు ఆక్షేపణలు కోరుతూ పత్రికల్లో ప్రకటన వేయిస్తుంటారు. అది కనబడిన రోజే గడువు లోపల జవాబు ఇప్పించాలి. జవాబు అందిన తరువాత ‘మాకు తెలియదు, మంచి మనసుతో కొన్నాం’ అనే వీలు వారికి ఉండదు. అమ్మకాన్ని నిజంగా ఆపేది విభజన దావాలో వచ్చే తాత్కాలిక నిషేధ ఉత్తర్వు. అది రాకపోయినా, దావా నడుస్తుండగా కొన్నవాడు తీర్పుకు కట్టుబడాలి. ఒకవేళ ఆయన అమ్మేసినా, కొన్నవాడికి వచ్చేది మీ అన్నగారి నాలుగో వంతే. కుటుంబం కాపురముంటున్న ఇంట్లోకి వచ్చి అమ్మగారితో కలిసి కూర్చునే హక్కు కూడా అతనికి ఉండదు. ఖర్చు విషయానికి వస్తే, ఉమ్మడి స్వాధీనంలో ఉన్న వారసురాలిగా దావా వేస్తే కర్ణాటకలో కోర్టు రుసుము నామమాత్రమే, స్వాధీనం నుంచి మిమ్మల్ని తప్పించారని తేలితే వాటా విలువ మీద కట్టాలి. ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రతి స్త్రీకీ జిల్లా న్యాయసేవల ప్రాధికారం ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. దావా వేయకముందే అన్నయ్యను పిలిపించి రాజీ మాటలు నడిపించే ఏర్పాటు కూడా అక్కడ ఉంది. అక్కడ కుదిరిన రాజీకి డిక్రీకి ఉన్నంత బలం ఉంటుంది. అమ్మగారు కోర్టు మెట్లెక్కే అవసరం లేకుండా పోయే దారి బహుశా ఇదేనేమో చూడండి.

దావాలు ఏళ్ళు పడతాయి. డెబ్బై ఆరేళ్ళ తల్లి ఒకే ఇంట్లో ఒక బిడ్డతో ఉంటూ ఇంకో బిడ్డ వేసిన దావాలో పేరు మోయడం ఎంత బాధో మీరు రాయకపోయినా నాకు తెలుసు. అయినా ఎదురుచూస్తూ ఊరుకోవడం మంచిదని మాత్రం అనలేను. ‘నీకు వాటా లేదు’ అని అన్నయ్య ఇప్పుడు బాహాటంగా అన్నాడు. అలా కాదన్నట్టు తెలిసిన నాటి నుంచి కాలపరిమితి లెక్క మొదలవుతుందన్న వాదన రేపు వస్తుంది, పన్నెండేళ్ళు దాటితే దాన్ని ఎదుర్కోవడం కష్టం. ఆయన ఆ మాట అన్న తేదీ, ఎవరి ముందు అన్నాడో రాసిపెట్టుకోండి. ఫోను సందేశంలో అని ఉంటే చెరిపేయకండి.

మీ స్థానంలో ఉంటే నేను నడిచే వరుస చెబుతాను. క్రయపత్రం నకలు, ఈసీ, 2012 దస్త్రం కోసం ఈ వారంలోనే అర్జీలు పెడతాను. ఆక్షేపణ లేఖ ఆ రోజే ఇస్తాను, ఎందుకంటే ఇ-ఖాతా తుది రూపం దాలిస్తే తరువాతి ప్రతి అడుగూ బరువెక్కుతుంది. ఇచ్చిన సాయంత్రమే అన్నయ్యకు నేనే ఫోను చేసి, లేఖ ఇచ్చానని, అది ఆయనను రచ్చకీడ్చడానికి కాదని, ఐదుగురి పేర్లూ పుస్తకంలో ఉండాలని కోరుతున్నానని చెబుతాను. ఆఫీసు నోటీసు ద్వారా తెలియడం కంటే చెల్లెలి నోటితో వింటే కోపం తక్కువగా ఉంటుంది. పిల్లవాడి వాటాకు కోర్టు అనుమతి లేకుండా ఆయన అమ్మకం ఎటూ నిలవదన్న సంగతి అప్పుడే చెప్పండి. బెదిరింపుగా కాదు, కొనేవాడు అడ్వాన్సు వెనక్కి అడిగే రోజు రాకముందే తెలియడం ఆయనకే మేలు.

అమ్మగారితో మాట్లాడేటప్పుడు ‘నీకు మూడో వంతు ఉంది’ అన్న మాటతో మొదలుపెట్టండి. ఇన్నేళ్ళూ ఆ ఇంట్లో తాను కొడుకు దయ మీద ఉంటున్నానని ఆమె అనుకుంటూ ఉండవచ్చు. 2012 నాటి కాగితం నకలు చేతికి వచ్చాక అందులో ఉన్న మాటలను ఉన్నది ఉన్నట్టు రాసి పంపండి, అప్పుడు మళ్ళీ చూద్దాం.